కొసరు వేసిన చేతులు

"ఒప్పుకుంటే తేలిగ్గా పోతుందట. మీ ఇన్‌స్పెక్టరు గారు సెలవిచ్చారు," అంది రంగుల పిన్ని. "కోపంలో ఒక తోపు తోశాను, ఆయన పడ్డాడు అని ఒక్క ముక్క రాసిస్తే చాలట. తేలిగ్గా పోవడానికి నేనేమైనా అజీర్తి చేసి వచ్చానా ఇక్కడికి?"

స్టేషన్ వెనక గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, తలుపు దగ్గర ఆవలిస్తున్న మహిళా కానిస్టేబులు. బల్లకి ఇటువైపు కూర్చున్న ప్రైవేట్ డిటెక్టివ్‌ని తెలిసినవాళ్ళందరూ ఆరాలక్క అనే పిలుస్తారు. ఆరాలు తీయడమే బతుకుతెరువు కాబట్టి ఆ పేరు అతుక్కుంది, ఆవిడా వదిలించుకోలేదు. అటువైపు మనిషికి యాభై దాటాయి. రంగుల కొట్లో గోడరంగులు కలిపి ఇచ్చే ఉద్యోగం. గోళ్ళ అంచుల్లో ఇంకా పసుపుపచ్చ రంగు మిగిలే ఉంది. ఆవిడ మీద పెట్టింది హత్యాయత్నం కేసు. రేపు పొద్దున్నే కోర్టుకి తీసుకెళ్తారు. అక్కడ న్యాయమూర్తి, ఆవిడ నేరం జరిగిన చోట ఉన్నట్టు చూపించే ఆ ఒక్క ఫోటో నమ్మితే, ఇక ఇంటి మొహం చూడడం ఎప్పటికో.

"మాస్టారి స్టూడియోకి మీరు ఎప్పుడైనా వెళ్ళారా?" అడిగింది ఆరాలక్క.

"ఆ గుమ్మం ఎటువైపు ఉంటుందో కూడా నాకు తెలియదు. నాలుగేళ్ళ స్నేహం, అంతా ఫోన్లోనే. ఆయన గొంతు విన్నాను కానీ మనిషిని చూడలేదు."

మాస్టారు పాత ఫోటో స్టూడియో నడిపే మనిషి. శనివారం సాయంత్రం తన స్టూడియోలోనే తల పగిలి పడి ఉన్నాడు. పక్కనే కెమెరా స్టాండు, దాని కాలికి నెత్తురు. అప్పట్నుంచి ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఆయన పెట్టిందే 'చేతిసాయం' అనే ఆన్‌లైన్ గ్రూపు. ఎవరి ఫోటో సరిగ్గా రాకపోయినా అక్కడ పెడితే, ఎవరికి వచ్చిన పని వాళ్ళు సరదాకి చేసి పెడతారు. ఒకరు రంగు అద్దుతారు, ఒకరు నీడ వేస్తారు. అడ్డొచ్చే తీగలూ మరకలూ తీసేయడాన్ని వాళ్ళు 'కలుపు తీయడం' అంటారు. డబ్బు మాట ఎత్తితే గ్రూపులోంచి గెంటేస్తారు.

"మరి ఆ గ్రూపులో అందరి ముందూ 'మాస్టారి తల పగలగొట్టాలి' అని ఎందుకు రాశారు?"

"రాయక? ముసలావిడ కప్పుకున్న శాలువాకి చిలకపచ్చ కొట్టాడు మహానుభావుడు. ఆ రంగు చూస్తే ఎవరి చెయ్యైనా ఊరుకుంటుందా? ఆయన తిరిగి ఏం రాశాడో చూశారా మరి. 'పగలగొట్టు పిన్నీ, లోపల ఏ రంగుందో నువ్వే చెప్పాలి' అన్నాడు. మీ ఇన్‌స్పెక్టరు నా మాట సాక్ష్యంలో ఎక్కించాడు, ఆయన మాట మింగేశాడు."

"ఫోటో సంగతి చెప్పండి."

"దాన్ని ఫోటో అంటారా? నలుపూ తెలుపూ జిరాక్సు, మసి పూసినట్టుంది. అందులో ఉన్నది నేనే. కాదనను. నిలబడిన తీరు చూస్తే, మా కొట్టు ప్రకటన కోసం తీయించుకున్న ఫోటోలా ఉంది. వెనకాల డబ్బాలు తీసెయ్యమని అప్పట్లో మాస్టారికే పంపాను. వెనక ఉన్న గది మాత్రం ఎవరిదో నాకు తెలియదు. చెబితే వినేదెవరు?"

ఆరాలక్క కాసేపు ఆవిడ వంక చూసింది. ఏడుపు లేదు, బతిమాలడం లేదు. రాత్రంతా బెంచీ మీద కూర్చున్న మనిషి, జుట్టు మాత్రం తీరుగా ముడేసుకుని ఉంది. పిన్ని ఆవిడకి నచ్చింది. నచ్చినవాళ్ళ కేసుల్లో జాగ్రత్తగా ఉండాలని తనకి తనే చెప్పుకుంది.

"మిమ్మల్ని ఒక్కసారి కూడా చూడనివాళ్ళు మీకోసం నన్ను పెట్టుకున్నారు. అంత నమ్మకం ఎక్కడిది?"

"కొసరు," అంది పిన్ని. "బజార్లో ఏదైనా కొంటే తూకం మీద ఇంకాస్త వేస్తారు చూడండి, అదే. మా గ్రూపులో అదొక రివాజు. అడిగిన పని చేసి ఊరుకోకూడదు. అడగనిది ఒకటి, చిన్నది, చెప్పకుండా చేసి పెట్టాలి. అవతలివాళ్ళు కనిపెడితే సంతోషం, కనిపెట్టకపోతే ఇంకా సంతోషం. నాలుగేళ్ళు కొసర్లు ఇచ్చి పుచ్చుకున్నాక మనిషి తెలియకుండా ఉంటాడా? మా నీడల బాబాయి రోడ్డు మీద ఎదురైతే గుర్తుపట్టలేను. ఆయన వేసిన నీడని మాత్రం చీకట్లో కూడా గుర్తుపడతాను."

"ఇన్‌స్పెక్టరు చెప్పింది ఆఖరిసారి ఆలోచించుకోండి. ఒప్పుకుంటే నిజంగానే శిక్ష తగ్గుతుంది."

"చెయ్యని తప్పుకి చిన్న శిక్ష కూడా పెద్దదేనమ్మా. రాసివ్వను. కావాలంటే గోడకి నా పేరు మీద సున్నం వేసుకోమనండి."

ఆరాలక్క లేచింది. తలుపు బయట పిన్ని చెప్పులు పక్కకి నెట్టేసి ఉన్నాయి. లోపలికి చెప్పులతో రానివ్వరు ఇక్కడ. ఎడమ చెప్పు పట్టీ తెగిపోతే పిన్నీసు పెట్టి లాక్కొస్తోంది. ఆ పిన్నీసు కూడా తుప్పు పట్టింది.

ముందు హాల్లో ఇన్‌స్పెక్టరు ఎదురయ్యాడు. ఆయన ఆరాలక్కకి స్వయానా అక్క మొగుడు. ఇంట్లో బావ, స్టేషన్లో బద్ధవిరోధి.

"ఏం మరదలా, దొంగ ఫోటో అంటుందా ఆవిడ?" అన్నాడు. "ఆ ఫోటో మాస్టారి మేనల్లుడు తన ఫోన్‌తో తీశాడు. ఆ ఫోన్లోంచి నేరుగా మా నిపుణులు తీసుకున్నారు. మార్పులు లేవు, అసలు ఫైలే అని రాసిచ్చారు. నువ్వు ఇంటికెళ్ళి మీ అక్కతో టీ తాగు."

"టీ తర్వాత తాగుతాను బావగారూ. రంగు ఫోటో ఎందుకు చూపించలేదు ఆవిడకి?"

"రంగు ప్రింటరు పనిచెయ్యట్లేదు. ప్రభుత్వ కార్యాలయం ఇది, పెళ్ళివారి ఇల్లు కాదు."

*

రంగు ఫోటో పిన్ని లాయరు చేతికి మధ్యాహ్నం వచ్చింది, అక్కణ్ణుంచి ఆరాలక్క ఫోన్లోకి. అప్పటికి ఆవిడ స్టూడియో మెట్లు ఎక్కుతోంది. వెనక నీడల బాబాయి ఆయాసపడుతూ వస్తున్నాడు. బస్సు డిపోలో వెల్డింగు పని చేసే పొడుగాటి మనిషి. రోజంతా నిప్పురవ్వలు చూసే కళ్ళు, అందుకే నీడలంటే ప్రాణం. గ్రూపు తరఫున ఆరాలక్క తలుపు తట్టింది ఆయనే.

పోలీసులు పని ముగించుకుని తాళం మేనల్లుడికి ఇచ్చేశారు. అతనికి ముప్పై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మంచి మాట, పెద్ద పత్రికలో ఫోటోల విభాగానికి ఈమధ్యే అధిపతి అయ్యాడు. తలుపు తీసి, దీపం వేసి, కుర్చీలు తుడిచాడు.

"ఆవిడ ఎక్కడ నిలబడింది?" ఆరాలక్క అడిగింది.

"ఇక్కడే, ఈ తెర పక్కన. నా స్నేహితురాలు వచ్చింది, గుర్తుగా ఒకటి తియ్యరా అన్నాడు మావయ్య. ఆరింటికి తీసి వెళ్ళిపోయాను. ఎనిమిదింటికి తిరిగొచ్చేసరికి..." గొంతు ఎక్కడ తగ్గించాలో సరిగ్గా అక్కడ తగ్గించాడు.

"గుర్తుగా తియ్యమన్నాయన పక్కన నిలబడలేదే?"

"ఆయనకి ఫోటో దిగడం నచ్చదు."

"ఫోటో స్టూడియో పెట్టుకున్నాయనకి."

"మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా అండీ?"

"నాకు తెలిసినవాడు తింటాడు. లావుగా ఉంటాడు కూడా." ఆరాలక్క అతను చూపించిన చోట నిలబడి, ఫోన్లో ఫోటో ఒకసారి, గది ఒకసారి చూసింది. ఫోటోలో పిన్ని వెనక గోడ కడిగిన పళ్ళెంలా ఉంది. గదిలో అదే గోడకి, సరిగ్గా భుజం ఎత్తున, నల్లటి స్విచ్చుల బోర్డు ఉంది. ఒక మూల విరిగి, లోపలి తీగ బయటికి వేలాడుతోంది. ఆవిడ ఆ బోర్డు వంక మళ్ళీ చూడలేదు. చూపు దొరికితే ఆలోచన దొరికిపోతుంది.

"ఉక్కగా ఉంది బాబూ. ఫ్యాను వేస్తారా?"

మేనల్లుడు ఆవిడ మొహం వంకే చూస్తూ, వెనక్కి చెయ్యి చాపి ఆ బోర్డు మీద మీట నొక్కాడు. చెయ్యి వెతుక్కోలేదు. చిన్నప్పట్నుంచీ నొక్కిన మీటలా ఉంది. ఫ్యాను కిర్రుమంటూ తిరిగింది.

ఆరాలక్క తెర దగ్గరికి నడిచింది. నీలం తెర, ఎండ పడే కింది సగం వెలిసి బూడిదరంగులోకి వచ్చింది. ఫోటోలో తెర పైనుంచి కింది దాకా కొత్త నీలం. ఇది రెండో తేడా. మేకులు, మరకలు అంటే తొలిచూపులో వదిలేయచ్చు. బోర్డు మాయమై, తెరకి పడుచుదనం వచ్చిందంటే ఎవరో గట్టిగానే పని చేశారు. కానీ దొంగ ఫోటో చేసేవాడికి స్విచ్చుల బోర్డుతో పేచీ ఏముంటుంది? ఉంచితేనే కదా వాడికి లాభం.

"మీరు పెద్ద పత్రికలో పెద్ద ఎడిటరట," అంది వెనక్కి తిరిగి. "మా అక్క కూతురి ఫోటో ఇది. మొహానికి అడ్డంగా కరెంటు తీగ వచ్చింది. ఇదొక్కటి తీసిపెట్టండి, పుణ్యముంటుంది. మీ కంప్యూటరు అక్కడే ఉందిగా."

మొదటిసారి అతను తడబడ్డాడు. తడబాటు రెప్పపాటే, అయినా తడబాటే.

"తప్పకుండా. కానీ ఇప్పుడు కాదు. మావయ్య దగ్గర ఉండాలి నేను, ఇంకెవరున్నారు ఆయనకి? నాకు పంపండి, రాత్రికి చేసిస్తాను."

"ఇప్పుడైతే ఎంతసేపు పడుతుంది?"

"ఇలాంటివి తొందరలో చెయ్యకూడదు," అన్నాడు మేనల్లుడు, తాళంచెవి చేతిలో ఆడిస్తూ. "మీరు కూడా ఈ కేసులో తొందరపడుతున్నారేమో ఆలోచించుకోండి. ఆవిడ తరఫున వచ్చారు, సరే. మావయ్యకి ఏమైనా అయితే, ఎవరెవరు ఎవరి తరఫున తిరిగారో అందరూ గుర్తుపెట్టుకుంటారు."

"పెట్టుకోనీ బాబూ. నన్ను మర్చిపోయేవాళ్ళంటేనే నాకు భయం."

*

కిందకి దిగాక, పేవ్‌మెంటు మీద బాబాయి ఆగిపోయాడు. పైన గదిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆరాలక్క చేతిలోంచి ఫోను తీసుకుని ఫోటో చూశాడు. రంగులో చూడడం ఆయనకి అదే మొదటిసారి. వేళ్ళతో పెద్దది చేసి, కాళ్ళ దగ్గర ఆపాడు.

"అమ్మా, ఈ పట్టీ నేను అతికించాను."

"ఏ పట్టీ?"

"చెప్పు పట్టీ. ఈ నీడా నాదే. మడమ దగ్గర ఒత్తుగా, పోనుపోను పల్చగా. ఇది నా పనే." ఆయన ఫోను దించాడు. "కొత్తకోడలు అడిగిందమ్మా."

కొత్తకోడలు అనేది గ్రూపులో ఒక పేరు. ఈమధ్యే చేరింది. బాబాయిగారూ, వదినగారూ అంటూ అందరికీ తలలో నాలుకలా మెలిగేది. పెళ్ళయి కొత్తగా వచ్చాను, అత్తగారికి బహుమతిగా ఫోటో చేయిస్తున్నాను, తలా ఒక చెయ్యి వెయ్యండి అంది. ఎవరి ముక్క వాళ్ళకి విడిగా పంపింది. బాబాయికి పంపిన ముక్కలో నిలబడిన మనిషి, నేల మాత్రమే ఉన్నాయి. మొహం మీద నల్లటి మచ్చ. అత్తయ్యకి సిగ్గు, మొహం బయట పెట్టద్దన్నారు అని రాసింది.

"నేల మీద నీడ వెయ్యమంది, వేశాను. చెప్పుకి పిన్నీసు ఉంది. కోడలి ముందు అత్తగారి పరువు ఏం కావాలని పట్టీ అతికించేశాను. అదే నా కొసరు." బాబాయి గోడకి చేరగిలబడ్డాడు. "ఆవిడ పిన్ని అని నాకేం తెలుసు? ఒక్కసారైనా చూస్తేగా. నా చేత్తో నేనే ఆవిడని లోపల పెట్టించానా అమ్మా?"

ఆయన కళ్ళు చెమర్చాయి. ఆరాలక్కకి జాలి వేసింది, అంతకంటే ఎక్కువగా కోపం వచ్చింది. మంచితనాన్ని దొంగిలించేవాళ్ళకి ఏ సెక్షనూ చాలదు.

"ఏడవద్దు బాబాయ్. మీ కొసరే ఆవిడని బయటికి తెస్తుంది. ఇది ఎప్పుడు చేశారు?"

ఆయన గ్రూపులో తనకి విడిగా వచ్చిన సందేశాలు తెరిచి వెతికాడు. అక్కడే ఉంది. కొత్తకోడలి కోరిక, కింద బాబాయి జవాబు, దాని కింద ఆమె పెట్టిన దండాలు. అది గురువారం. మాస్టారి తల పగిలింది శనివారం.

"శనివారం ఆరింటికి తీసిన ఫోటోలో గురువారం అతికించిన పట్టీ ఉంది," అంది ఆరాలక్క నెమ్మదిగా. "గోడ ఎవరు చేశారు?"

గోడ చేసింది కలుపు వదిన. వేరే ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. ఫోన్ చేస్తే రెండో మోతకే ఎత్తింది.

"అవునండీ, గురువారమే. గోడ ముక్క ఒకటే పంపి, ఒక మేకు కనపడకుండా చెయ్యమంది. మేకు తీశాను. పక్కన ఆ స్విచ్చుల బోర్డు పుచ్చుపన్నులా వేలాడుతుంటే నా ప్రాణం ఒప్పుకోలేదు. కొసరుగా దాన్నీ పీకేశాను. ఏం, తప్పయిందా?"

"చాలా మంచి పని చేశారు. గ్రూపులో ఎవరితోనూ ఈ మాట అనకండి. నేను మళ్ళీ ఫోన్ చేసినప్పుడు ఎత్తండి, చాలు."

పత్రికలో ఫోటోల అధిపతి, ఒక తీగ తీయమంటే తడబడ్డాడు. అతనికి పని రాదు. వచ్చినట్టు ఇన్నాళ్ళూ చూపించిందంతా గ్రూపులో జనం చేతిపని. తప్పుడు ఫోటో చేసుకోవడానికి కూడా కొత్తకోడలి పేరుతో మళ్ళీ వాళ్ళ దగ్గరికే రావలసి వచ్చింది.

"మాస్టారు మీతో ఏమైనా అన్నారా బాబాయ్, ఎవరి పనో ఎవరో వాడుకుంటున్నారని?"

బాబాయి తలెత్తాడు. "మీకెలా తెలుసు? బుధవారం అన్నాడు ఫోన్లో. మన పని వేరేవాళ్ళ పేరు మీద ఊరేగుతోంది, నా ఇంట్లోనే ఉంది ఆ దొంగ చెయ్యి. వాడే ఒప్పుకుంటే సరే, లేకపోతే ఆదివారం అందరికీ చెబుతాను అన్నాడు. ఎవరని అడిగితే చెప్పలేదు. సొంతవాళ్ళ పరువు కదా."

ఆదివారం రాకముందే శనివారం వచ్చింది.

*

"బావగారూ, మీ సాక్ష్యం చెప్పులు మార్చుకుని వచ్చింది. చూస్తారా?"

ఇన్‌స్పెక్టరు బల్ల మీద ఆరాలక్క రంగు ఫోటో ప్రింటు పెట్టింది. బయట కొట్లో తీయించింది. తర్వాత తనే వెళ్ళి తలుపు దగ్గరున్న పిన్ని ఎడమ చెప్పు తెచ్చి ఫోటో పక్కన పెట్టింది. ఇన్‌స్పెక్టరు ముక్కు ముడిచాడు.

"శనివారం ఈ పట్టీ అతికి ఉంది. ఆదివారం మీరు పట్టుకొచ్చేసరికి తెగి ఉంది."

"ఆదివారం తెగిందేమో. తెగిందని పిన్నీసు పెట్టుకుంది."

"పిన్నీసు మీద తుప్పు చూడండి బావగారూ. రెండు వానాకాలాలు తడిసిన తుప్పు. ఆవిడ ఆదివారం పొద్దున పెట్టుకున్నది సాయంత్రానికి ఇలా అవదు."

ఆయన చెప్పుని పెన్సిలుతో తిప్పి చూశాడు. ఆరాలక్క స్విచ్చుల బోర్డు, తెర, గ్రూపులో గురువారం నాటి సంభాషణ అన్నీ వరసగా చెప్పింది. బాబాయి పక్కనే నిలబడి తన ఫోన్ చూపించాడు.

ఇన్‌స్పెక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఫోటోలే మార్చేవాళ్ళకి తారీఖులు మార్చడం ఎంతసేపు? పైగా ఆ ఫైలు నేరుగా ఫోన్లో తీసింది."

"ముక్కలన్నీ కలిపి ప్రింటు తీసి, ఆ ప్రింటుని ఫోన్‌తో ఫోటో తీస్తే ఏమవుతుంది? ఫోను అబద్ధం చెప్పదు. దాని ముందు పెట్టింది అది చూసింది. మీ నిపుణులు ఫోన్ని అడిగారు, గోడని అడగలేదు."

"అడగను. ఎవరో కోడలు, ఎవరో వదిన, ఎవరో బాబాయి. ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఇదేనా నీ సాక్షుల మంద? సరే, మేమే తయారుచేశాం అంటున్నారుగా. రేపు కోర్టులో ఈ మాట చెప్పిన ప్రతివాడి మీదా దొంగ సాక్ష్యం సృష్టించారని కేసు పెడతాను. ఏమయ్యా, నీకు ఉద్యోగం ఉందా?"

"ఉంది," అన్నాడు బాబాయి.

"ఉండాలంటే ఇంటికెళ్ళు."

బాబాయి చేతులు జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మళ్ళీ బయటికి తీసి బల్ల అంచు పట్టుకున్నాడు.

"రాసుకోండి సార్. నా పేరే మొదట రాసుకోండి. ఆ నీడ నేను వేశాను, ఆ పట్టీ నేను అతికించాను. కేసు పెడితే పెట్టండి. చేసిన పని నాది కాదని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడు అనను. మొహం తెలియదన్నారు. మా అమ్మాయి ఫోటో పాడైపోతే, ఆ పిన్ని పది రోజులు కూర్చుని చెంపల్లోకి రంగు తెచ్చింది. అప్పటికి మా అమ్మాయి పోయి ఏడాది. ఇంకేం మొహం తెలియాలి సార్ నాకు?"

ఆరాలక్కకి కూడా ఈ సంగతి తెలియదు. ఆయన ఇంతవరకు చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

బల్ల మీద స్పీకరులో ఉన్న ఫోన్లోంచి కలుపు వదిన గొంతు వచ్చింది. "నా పేరు రెండోది రాయండి. పొద్దున బండెక్కి కోర్టుకి వస్తున్నాను. కావాలంటే వయసు కూడా నిజమే చెబుతాను, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు."

"పిన్నిని పిలిపించండి బావగారూ," అంది ఆరాలక్క. "రంగులో ఒక్కసారి చూపించండి. అంతే అడుగుతున్నాను. మీకు భయమైతే వద్దు."

భయం అన్న మాట బావ దగ్గర ఎప్పుడూ పనిచేస్తుంది. పిన్నిని తీసుకొచ్చారు. బాబాయిని చూసి ఆగింది. ఆయన దండం పెట్టబోయి, సగంలో చేతులు దించేశాడు.

"ఈ వెల్డింగు మచ్చల చేతులు..." అంది పిన్ని. "మీరు బాబాయా?"

"అవునమ్మా."

"అనుకున్నదానికంటే పొడుగున్నారు," అని ఫోటో వైపు వంగింది. మొహం ఫోటోకి దగ్గరగా పెట్టింది. తన మొహం చూసుకోలేదు, తెర చూసింది. వేలితో పైనుంచి కింది దాకా గీసింది.

"ఈ నీలం నాది."

"ఏంటీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నాది. కొత్తకోడలు తెర ముక్క ఒకటే పంపింది. మడతలు సరిచెయ్యమంది. కింది సగం వెలిసిపోయి దిక్కులేనిదానిలా ఉంటే, పాపమని కొసరుగా రంగు వేశాను. కొంచెం పచ్చ కలపకపోతే ఈ నీలం రాదు, నాకు తప్ప ఎవరికీ పట్టదు." ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "అంటే నన్ను ఉరి తీయడానికి తాడు నాచేతే పేనించాడన్నమాట. ఎవడమ్మా వాడు? వాడి రంగు నేను చూడాలి."

ఇన్‌స్పెక్టరు ఫోటో వంక, చెప్పు వంక చూశాడు. తప్పు ఒప్పుకోవడం ఆయనకి అలవాటు లేని పని. "కొత్తకోడలు ఎవరో నంబరు తీయిస్తాను," అన్నాడు చివరికి. "తీయిస్తానన్నాను, వదిలేస్తానని కాదు. రేపు కోర్టు ఉంది."

అప్పుడు బాబాయి ఫోను మోగింది. గ్రూపులో కొత్త కోరిక. తెరిచి చూసి ఆరాలక్కకి అందించాడు.

కొత్తకోడలు రాసింది. మా మావయ్యగారు ఆసుపత్రిలో ఉన్నారు. ఆయన మంచం పక్కన మా వదిన నిలబడినట్టు చేసి పెట్టండి. మొహం మీద నల్లది అలాగే ఉంచండి, వదినకి సిగ్గు. కాస్త త్వరగా కావాలి.

కింద రెండు ఫోటోలు. మొదటిదాంట్లో ఆసుపత్రి మంచం, తలకి కట్టు, గోడవైపు తిరిగిన మొహం. రెండోదాంట్లో పేవ్‌మెంటు మీద ఒక ఆడమనిషి. పైనుంచి, కిటికీలోంచి తీసినట్టుంది. మొహం మీద నల్లటి మచ్చ. భుజానికి గోధుమరంగు సంచి, దాని జిప్పుకి ఎర్ర దారం.

ఆరాలక్క తన భుజానికి ఉన్న సంచి వంక చూసుకుంది. ఎర్ర దారం పొద్దున తనే కట్టింది.

ఎవరో అమాయకుడు అప్పుడే జవాబు కూడా పెట్టేశాడు. మావయ్యగారు త్వరగా కోలుకోవాలమ్మా, ఇదిగో వదిన. కొసరుగా దుప్పటి ముడతలు కూడా సరిచేశాను. కింద తయారైన ఫోటో ఉంది. మాస్టారి మంచం పక్కన, దిండు మీదికి కాస్త వంగి, మొహం మీద మచ్చతో ఆరాలక్క నిలబడి ఉంది.

"రుచి మరిగాడు," అంది ఆరాలక్క. "మాస్టారు పోతే, ఆఖరున మంచం పక్కన నిలబడింది నేనే అవుతాను. బావా, ఆసుపత్రి గది బయట మీ కానిస్టేబులు ఉన్నాడు కదా?"

ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు.

"పొద్దున్నే తీసేశాను. కేసు తేలిపోయిందని."

"లోపల ఎవరున్నారు?"

"సొంతమనిషి ఉన్నాడుగా అని..." ఆయన ఒక చెయ్యి ఫోను వెతుకుతోంది, రెండో చెయ్యి టోపీ వెతుకుతోంది.

పిన్ని బల్ల మీద చెప్పు తీసుకుని నేల మీద పడేసి, కాలు దూర్చింది. కానిస్టేబులు అడ్డం రాబోతే భుజంతో పక్కకి తోసింది.

"నన్ను తర్వాత లోపల పెట్టుకుందువు గానీ," అంది ఇన్‌స్పెక్టరుతో, "ముందు జీపు తియ్యి."